పక్కన పెట్టిన పరీక్ష: వాయిదాయా, వదిలివేతా?

హోసూరు, బళ్లారి, పర్లాకిమిడి, సిరోంచ, యానాం ప్రాంతాల తెలుగు కుటుంబాలలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి లేని బంధువర్గం నేడు అరుదు. పండుగకు ఇంటికి వచ్చిన కొడుకో కోడలో భోజనం మధ్యలో లేచి, ల్యాప్‌టాప్ తెరచి, "బిల్డ్ మళ్లీ ఎర్రబడింది" అని నిట్టూర్చడం పెద్దలు చూస్తూనే ఉంటారు. కాసేపటికి "ఏమీ లేదు, ఆ టెస్టు అప్పుడప్పుడూ అట్లాగే పడిపోతుంది, ప్రస్తుతానికి స్కిప్ చేశాం" అన్న మాట వినిపిస్తుంది. పరీక్షలో తప్పిన దానిని పక్కన పెట్టి ముందుకు సాగడం న్యాయమేనా అన్న సందేహం పెద్దలకు కలగడం సహజం. ఆ సందేహం సబబైనదే. సాఫ్ట్‌వేర్ రంగంలోని నిపుణులు సైతం అనేక సంవత్సరాలుగా ఇదే ప్రశ్నతో సతమతమవుతున్నారు.

ఎరుపు, పచ్చ

ఒక పెద్ద ప్రోగ్రామును నేడు ఒక్కరే వ్రాయరు. పదిమంది, వందమంది ఒకే ప్రోగ్రాములో తలా ఒక భాగాన్ని ప్రతిదినం మారుస్తూ ఉంటారు. ఒకరి మార్పు మరొకరి పనిని చెడగొట్టకుండా, ప్రతి మార్పును వెంటనే ఉమ్మడి ప్రతిలో కలిపి యంత్రం చేత పరీక్షింపజేసే పద్ధతికి "కంటిన్యూయస్ ఇంటిగ్రేషన్" అని పేరు. ఈ మాటను 1991లో గ్రేడీ బూచ్ వాడారు. 1990ల చివరలో కెంట్ బెక్ ప్రచారంలోకి తెచ్చిన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ విధానం దీనిని నిత్యకృత్యంగా మార్చింది. 2005లో వెలువడి, 2011 నుండి జెంకిన్స్ అన్న పేరుతో కొనసాగుతున్న ఉచిత సాధనం దీనిని చిన్న సంస్థలకు సైతం అందుబాటులోకి తెచ్చింది.

ప్రోగ్రామర్లు ముందుగానే వ్రాసి ఉంచిన వందలాది చిన్న పరీక్షలను ఈ యంత్రం ప్రతి మార్పు తరువాత నడిపిస్తుంది. ఖాతాలో వేయి రూపాయలు ఉండగా మూడు వందలు తీస్తే ఏడు వందలు మిగిలినవా? తప్పు పాస్‌వర్డ్ ఇస్తే తలుపు తెరుచుకోలేదు కదా? ఇటువంటివే ఆ ప్రశ్నలు. అన్నీ నెగ్గితే పచ్చ గుర్తు, ఒక్కటి తప్పినా ఎర్ర గుర్తు. ఎర్ర గుర్తు ఉన్నంతవరకు ఆ మార్పు ప్రజల వద్దకు పోరాదన్నది నియమం.

నిలకడలేని పరీక్ష

ప్రోగ్రాములో ఒక్క అక్షరమైనా మారకుండానే ఉదయం నెగ్గి, సాయంత్రం తప్పి, మరుసటి దినం మళ్లీ నెగ్గే పరీక్షలు కొన్ని ఉంటాయి. లూజు కాంటాక్టు ఉన్న బల్బు వంటివి ఇవి. వీటిని "ఫ్లేకీ టెస్టులు" అంటారు. ఇలినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో అపాచీ సంస్థకు చెందిన 51 ప్రాజెక్టులలో ఇటువంటి పరీక్షలను సరిచేసిన 201 మార్పులను పరిశీలించి, ప్రధాన కారణాలు మూడని తేల్చారు.

మొదటిది, సరిగా వేచి ఉండకపోవడం. మెతుకు పట్టి చూడకుండా, పది నిమిషాలయిందని అన్నం దించితే ఏమగును? పొయ్యి బాగా మండిన నాడు ఉడుకుతుంది, మంట తగ్గిన నాడు పలుకు మిగులుతుంది. పరీక్ష కూడా అంతే. సర్వర్ రెండు సెకన్లలో జవాబు ఇస్తుందని నమ్మి, ఆ రెండు సెకన్లు గడవగానే ఫలితం కోసం చూస్తుంది. సర్వర్ మీద పని ఒత్తిడి ఉన్న నాడు జవాబు మూడవ సెకనులో వస్తుంది, పరీక్ష తప్పుతుంది. గడియారం చూసి దించడం మాని, మెతుకు పట్టి చూసే విధంగా పరీక్షను తిరిగి వ్రాయడమే దీనికి మందు.

రెండవది, ఏకకాలంలో జరిగే పనుల మధ్య పోటీ. ఖాతాలో వేయి రూపాయలు ఉన్నాయి. ఇద్దరు ఒకే క్షణంలో నిల్వ చూసి, చెరి ఏడు వందలు తీయబోయారు. ఇద్దరికీ వేయి కనబడింది కాబట్టి ఇద్దరికీ సొమ్ము దక్కవచ్చు. వారిలో ఒకరు అర సెకను ఆలస్యమైతే ఈ దోషం బయటపడదు.

మూడవది, వరుస మీద ఆధారపడడం. ఒక పరీక్ష వాడిన గిన్నెను కడగకుండా వదిలితే, తరువాతి పరీక్ష ఆ ఎంగిలి గిన్నెలోనే వండుతుంది. వరుస మారిన నాడు రుచి మారుతుంది.

మన దేశంలో పనిచేసేవారికి పరిచయమైన మరొక కారణం కాలమానం. అనేక సర్వర్ల గడియారాలు ప్రపంచ ప్రామాణిక సమయాన్ని అనుసరిస్తాయి. భారత కాలమానం దానికంటె ఐదున్నర గంటలు ముందున్నది. కావున మనకు రాత్రి 12 దాటినప్పటి నుండి ఉదయం 5.30 వరకు ఆ సర్వరుకు నిన్నటి తేదీయే. "నేటి తేదీ" ఆధారంగా వ్రాసిన పరీక్ష పగలంతా నెగ్గి, రాత్రి పనిచేసేవారికి మాత్రమే తప్పడంలో వింత లేదు.

నాన్నా, పులి!

అప్పుడప్పుడూ తప్పే పరీక్షను అట్లాగే ఉంచితే నష్టమేమి? లెక్క చూస్తే తెలుస్తుంది. ఒక ప్రాజెక్టులో 300 పరీక్షలు ఉన్నవనీ, ఒక్కొక్కటి 200 సార్లలో ఒక్కసారి మాత్రమే అకారణంగా తప్పుతుందనీ అనుకుందాం. విడిగా చూస్తే ఇది స్వల్పమే. కాని 300 పరీక్షలూ ఒకేసారి నెగ్గే అవకాశం నూటికి 22 మాత్రమే. తక్కిన 78 సార్లు ఏ దోషమూ లేకుండానే ఎర్రగుర్తు పడుతుంది.

అటువంటి ఎర్రగుర్తును ఎవరు లక్ష్యపెడతారు? "నాన్నా, పులి" అని కేకవేసిన పిల్లవాని కథలో తండ్రి రెండు మార్లు పరుగెత్తి వచ్చాడు, మూడవమారు రాలేదు. నిజమైన పులి వచ్చినది ఆనాడే. గూగుల్ సంస్థ 2016లో వెల్లడించిన వివరాల ప్రకారం, అక్కడ నెగ్గుతున్న పరీక్ష తప్పడం మొదలుపెట్టిన సందర్భాలలో 84 శాతం నిలకడలేని పరీక్షలకు సంబంధించినవే. ఒక్క పిల్లవాని అబద్ధం వలన ఊరివారు తక్కిన పిల్లల కేకలను కూడా నమ్మడం మానేస్తే అదే అసలు నష్టం.

అందుచేతనే ఆ ఒక్క పరీక్షను తాత్కాలికంగా పక్కకు తీసి, మిగిలిన వాటి మాటకు విలువ నిలబెట్టాలన్న ఆలోచన పుట్టింది. మార్టిన్ ఫౌలర్ 2011లో వ్రాసిన వ్యాసంలో ఈ పద్ధతిని క్వారంటైన్‌తో పోల్చారు. 2020 నాటి సరిహద్దు చెక్‌పోస్టులను, బడి గదులలో గడిపిన దినాలను చూసిన కుటుంబాలకు ఆ మాట అర్థం చెప్పనక్కరలేదు. క్వారంటైన్‌లో ఉన్న మనిషిని ఎవరూ మరచిపోరు. అన్నం పంపుతారు, జ్వరం చూస్తారు, ఏనాడు ఇంటికి పంపాలో లెక్కపెడతారు. పక్కన పెట్టిన పరీక్షకూ ఆ సంరక్షణే కావాలి.

తప్పు పరీక్షదా, ప్రోగ్రాముదా?

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. పరీక్ష నిలకడ తప్పడానికి కారణం కొన్నిసార్లు పరీక్ష కాదు, ప్రోగ్రామే.

ఒక ఉదాహరణ తీసుకొందాం. నగరంలోని కుమారుడు ఎరువులకని ఇంటికి ఫోను ద్వారా సొమ్ము పంపుతున్నాడు. మీట నొక్కగానే సిగ్నల్ పోయింది, మళ్లీ నొక్కాడు. సొమ్ము ఒక్కసారే పోవాలి. దీనిని చూచే పరీక్ష ఒకటి ఉన్నది, అది ముప్పై సార్లలో ఒక్కసారి తప్పుతున్నది. శుక్రవారం సాయంత్రం, కొత్త వెర్షన్ విడుదల చేయవలసిన సమయం. ఒకరు "మూడుసార్లు నడిపి, ఒక్కసారి నెగ్గినా నెగ్గినట్లే అనుకుందాం" అంటారు. అప్పుడు ఎర్రగుర్తు పడాలంటే వరుసగా మూడుసార్లూ తప్పాలి. దాని అవకాశం 27,000లో ఒకటి. గుర్తు పచ్చగానే ఉంటుంది. కాని దోషం ప్రోగ్రాములోనే ఉంటే, లక్షమంది అట్లా రెండుసార్లు మీట నొక్కినపుడు మూడువేల పైచిలుకు కుటుంబాల సొమ్ము రెండుమార్లు కోతపడుతుంది. వారికి మూడవ అవకాశం ఎవరూ ఇవ్వరు.

అప్పుడప్పుడూ మాత్రమే కనిపించే లోపాన్ని తేలికగా తీసుకొంటే ఎంతటి అనర్థం జరుగుతుందో థెరాక్-25 ఉదంతం చాటింది. అది క్యాన్సరు రోగులకు కిరణ చికిత్స చేసే యంత్రం. 1985 నుండి 1987 వరకు అమెరికా, కెనడాలలో ఆరుగురు రోగులకు అది మోతాదుకు అనేక రెట్లు మించిన కిరణాలను ప్రయోగించింది, మరణాలు సంభవించాయి. ఆ యంత్రం తరచుగా ఏదో ఒక లోప సూచన చూపుతూ ఉండేది. వాటికి అలవాటు పడిన ఆపరేటర్లు మీట నొక్కి పని కొనసాగించేవారు. 1986లో టెక్సాస్‌లోని టైలర్ పట్టణపు ఆస్పత్రిలో ప్రమాదాలు జరిగిన పిదప, అక్కడి భౌతికశాస్త్రజ్ఞుడు, ఆపరేటరు కలిసి పదేపదే ప్రయత్నించి కారణాన్ని పట్టుకొన్నారు. వివరాలను మిక్కిలి వేగంగా సరిదిద్దినపుడు మాత్రమే ఆ లోపం తలెత్తేది. పైన చెప్పిన రెండవ కారణం, అనగా ఏకకాలపు పనుల మధ్య పోటీ, అక్కడ ప్రాణాంతకమైంది.

కాబట్టి పక్కన పెట్టే ముందు ఒక విచారణ తప్పనిసరి. ఆ పరీక్షను మార్పు లేని పాత ప్రతి మీద వంద సార్లు నడపాలి. ఒంటరిగా ఒకసారి, ఇతర పరీక్షలతో కలిపి ఒకసారి, వరుస మార్చి ఒకసారి చూడాలి. తప్పినపుడు నమోదైన వివరాలను భద్రపరచాలి. దోషం పరీక్షలోనే ఉన్నదని తేలితే పక్కన పెట్టవచ్చు. సొమ్ము, వైద్యం, రహస్య వివరాలకు సంబంధించినదై, కారణం తేలకపోతే, ఆగవలసినది పరీక్ష కాదు, విడుదల.

వాయిదాకు తేదీ ఉండాలి

కోర్టు ముఖం చూసిన ప్రతి కుటుంబానికీ వాయిదాకు, కొట్టివేతకు తేడా తెలుసు. వాయిదా వేసిన కేసుకు తరువాతి తేదీ ఉంటుంది, నంబరు ఉంటుంది, హాజరు కావలసిన మనిషి పేరు ఉంటుంది. స్కిప్ చేసిన పరీక్షకు కూడా ఇవే ఉండాలి.

మొదట కారణం వ్రాయాలి. జావాలో వాడే జేయూనిట్, పైథాన్‌లో వాడే పైటెస్ట్ వంటి సాధనాలలో పరీక్షను ఆపే గుర్తు పక్కనే కారణం వ్రాసే వీలున్నది. "పనిచేయడం లేదు" అన్నది కారణం కాదు. "సర్వర్ ఆలస్యమైనపుడు రెండు సెకన్ల గడువు చాలడం లేదు" అన్నది కారణం.

రెండవది, పని నమోదు పుస్తకంలో దానికొక నంబరు, బాధ్యునిగా ఒక మనిషి పేరు ఉండాలి. అందరి బాధ్యత అంటే ఎవరి బాధ్యతా కాదు.

మూడవది, గడువు. రెండు వారాలో, నెలో నిర్ణయించి, ఆ తేదీ దాటగానే పరీక్ష తనంతట తానే తిరిగి అమలులోకి వచ్చేటట్లు వ్రాయవచ్చు. మొత్తంమీద ఇన్నింటికి మించి పక్కన ఉండరాదన్న పరిమితి పెట్టుకోవడం కూడా మంచిది.

నాలుగవది, పూర్తిగా ఆపకుండా విడిగా నడపాలి. దాని ఫలితం విడుదలను ఆపదు గాని, నమోదు అవుతూనే ఉంటుంది. పైటెస్ట్‌లో ఇందుకొక మార్గం ఉన్నది. "ఇది తప్పవచ్చు" అని ముందే ప్రకటిస్తే, పరీక్ష నడుస్తుంది, తప్పినా ఎర్రగుర్తు పడదు. పూర్తిగా స్కిప్ చేస్తే ఆ సమాచారమే దొరకదు.

ఐదవది, ఆ పరీక్ష లేనంతకాలం ఆ భాగాన్ని మనిషి చేత్తో సరిచూడాలి. కావలివాడు సెలవు పెట్టిన రాత్రి ఇంటివారే మేలుకొని ఉండరా?

గడువులోగా సరిచేయలేకపోతే, అవసరం లేని పరీక్ష అయితే తొలగించడమే నిజాయితీ. అవసరమైనదయితే కొత్తగా వ్రాయాలి. పేరుకు ఉండి, పని చేయక, ఏళ్లతరబడి స్కిప్ గుర్తుతో పడివున్న పరీక్ష అన్నిటికంటె ప్రమాదకరం. కాపలా ఉన్నదన్న భ్రమను అది మిగుల్చుతుంది.

ఇకమీదట పండుగ పూట ఇంటి పిల్లలు "స్కిప్ చేశాం" అన్నపుడు, పెద్దలు సాంకేతిక వివరాలు తెలియకపోయినా ఒక్క ప్రశ్న అడగవచ్చు: "మళ్లీ ఏ తేదీకి?" జవాబు ఉంటే అది వాయిదా. లేకుంటే వదిలివేత.