రోగమున్న కణానికే మందు చేరితే...

మార్టూరు: పత్తి చేనుకు పురుగుమందు కొట్టే రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. పురుగు ఉండేది కాయలో. మందు పడేది చేనంతటా, కొట్టేవాడి ఒంటిమీద కూడా. కాన్సర్‌కు ఇచ్చే కీమోథెరపీ మందులదీ ఇదే తంతు. త్వరత్వరగా విభజన చెందే కణాలను అవి చంపుతాయి. వెంట్రుకల కుదుళ్లు, నోటిలోని పొర, ఎముకల మూలుగ కూడా అలా పెరిగేవే. జుట్టు ఊడడం, నోరు పొక్కడం అందువల్లనే.

మందును రోగమున్న కణానికే చేర్చే ప్రయత్నానికి దారి వేసిన వారిలో 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. పెరిగే కణానికి ఈ విటమిన్ తప్పనిసరి. అచ్చం దానిలాగే ఉండి కణాన్ని మోసగించే అమినాప్టెరిన్ కూడా అక్కడిదే. రక్త కాన్సర్ సోకిన పిల్లల్లో కొందరికి దానితో తాత్కాలికంగా నెమ్మదించినట్లు డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. సుబ్బారావు ఆ ఏడాదే కన్నుమూశారు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

అయితే అదీ ఒళ్లంతా పాకే మందే. కొన్ని అండాశయ కాన్సర్ కణాలపై ఫోలిక్ ఆమ్లాన్ని పట్టుకునే గ్రాహకాలు విపరీతంగా ఉంటాయి. వాటిని గుర్తుపట్టే యాంటీబాడీకి విషపు మందును తగిలించి పంపితే కణం దానిని మింగుతుంది. మందు లోపలికి వెళ్లాక విడుదలవుతుంది. మిర్వెటుక్సిమాబ్ అనే ఇలాంటి మందుకు అమెరికా 2022లో అనుమతి ఇచ్చింది. రొమ్ము కాన్సర్‌లో ఒక రకానికి ఈ పద్ధతి మందు 2013లోనే వచ్చింది. కళ్లు మసకబారడం వంటి ఇబ్బందులు లేకపోలేదు.

అసలు చిక్కు ధరతోనే. కాలేయ, మూత్రపిండ కాన్సర్‌లకు వాడే సొరాఫెనిబ్ మాత్రలు ఇలా కణాన్ని వెతుక్కుపోయేవి కావుగాని, అది పెరగడానికి కావలసిన కొన్ని ఎంజైములను అడ్డుకుంటాయి. నెలకు 2,80,428 రూపాయలకు బేయర్ సంస్థ అమ్ముతున్న ఆ మాత్రలను 8,880 రూపాయలకే ఇచ్చేందుకు హైదరాబాదు నాట్కో సంస్థకు 2012 మార్చి 9న నిర్బంధ లైసెన్సు లభించింది. దేశంలో అదే మొదటిది. యాంటీబాడీ మందులను మాత్రలంత తేలికగా నకలు చేయడం కుదరదు. అయినా పైన చెప్పిన రొమ్ము కాన్సర్ మందుకు సాటివచ్చేదాన్ని అహ్మదాబాదుకు చెందిన జైడస్ సంస్థ 2021లో విడుదల చేసింది.

గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో సాయంతో కట్టిన కాన్సర్ విభాగం 2020లో ప్రారంభమైంది. ఏ ఆసుపత్రికి వెళ్లినా, కణితి ముక్క పరీక్ష నివేదికను మాత్రం రోగి బంధువులు భద్రపరచుకోవాలి. ఈ కొత్త మందు పనికివస్తుందో లేదో వైద్యులు తేల్చేది ఆ కాగితం చూసే.