అడిగేదాకా రాని డేటా: ఎందుకు? ఎలా?

గ్రంథాలయం యాప్‌లో ఒక రచయిత పేరు నొక్కారనుకోండి. ఆయన పుస్తకాలు, వాటిని తీసుకెళ్లిన పాఠకులు, అన్నీ డేటాబేస్‌లో ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. పేరొక్కటే కావలసినప్పుడు అంతా మోసుకురావడం దేనికి? అందుకే జావా ప్రోగ్రాముల్లో వాడే హైబర్నేట్, పుస్తకాల జాబితా ఉండాల్సిన చోట ఖాళీ ప్రతినిధిని పెడుతుంది. ప్రోగ్రాం ఆ జాబితాను నిజంగా తాకినప్పుడే డేటాబేస్‌కు క్వెరీ వెళ్తుంది. ఇదే లేజీ లోడింగ్.

అయితే పెద్ద చిక్కొకటి ఉంది, తప్పక తెలుసుకోవాల్సింది. 100 మంది రచయితల పుస్తకాలూ వరసగా చూపించాలంటే? రచయితల కోసం ఒక క్వెరీ, ఆపైన ఒక్కొక్కరికీ ఒక్కోటి. మొత్తం 101! యాప్ నత్తనడక నడుస్తుంది. పుస్తకాలూ కావాలని ముందే తెలిసినప్పుడు రచయితల క్వెరీలోనే ‘జాయిన్ ఫెచ్’ అని రాస్తే, ఆ పనంతా ఒక్క క్వెరీతో అయిపోతుంది.