ఎనిమిదో రోజు సంగతి

మన కాలేజీలో ఎన్.ఎస్.ఎస్. పేరు విననివారుండరు. దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిసినవారు మాత్రం తక్కువ. గాంధీజీ శతజయంతి సందర్భంగా 1969 సెప్టెంబరు 24న అప్పటి కేంద్ర విద్యామంత్రి డాక్టర్ వి.కె.ఆర్.వి. రావు గారు 37 విశ్వవిద్యాలయాల్లో ఈ పథకాన్ని ప్రారంభించారు. తొలి ఏడు చేరిన విద్యార్థులు 40,000 మంది. రెండేళ్ళలో 240 గంటల సేవ, ఒక ప్రత్యేక శిబిరం - స్థూలంగా ఇదీ పథకం. బాడ్జీ మీద కనబడేది కోణార్క రథచక్రం. దాని ఎనిమిది ఆకులూ రోజులోని 24 గంటలకు గుర్తు. ఆ గంటల్లో ఎన్ని టీ కొట్టు దగ్గర గడుస్తాయో మన వాలంటీర్లనే అడగాలి!

శిబిరమంటే రోడ్డు బాగుచేయడం, మొక్కలు నాటడం అనుకుంటాం. అదీ మంచిదే. కానీ బడి మానేసిన పిల్లల కోసం ఉచిత శిబిరం పెట్టడం దీనికన్నా కష్టమైన పని. మొక్క నాటితే అక్కడే ఉంటుంది. పిల్లవాడు రెండో రోజుకే గొర్రెల వెంట వెళ్ళిపోతాడు.

ఈ పిల్లలెవరు? కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పత్తి విత్తనాల చేలల్లో పూలు పరాగసంపర్కం చేసే ఆడపిల్లలు. ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చిన కుటుంబాల పిల్లలు - వీళ్ళకు మన తెలుగే అర్థం కాదు. తల్లి కూలికి పోతే చంటిపిల్లను చంకనేసుకుని ఇంటి దగ్గరుండే అక్కలు. "బడికి పంపితే చిన్నదాన్ని ఎవరు చూస్తారు బాబూ?" అని ఆ తల్లి అడిగితే మన ఉపన్యాసం పనికిరాదు. అంగన్‌వాడీ ఎక్కడుందో, ఎన్ని గంటలకు తెరుస్తారో కనుక్కుని చెప్పగలగాలి.

ఈ విషయంలో మనకు దగ్గరి పాఠం రంగారెడ్డి జిల్లాది. హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యులు శాంతా సిన్హా గారి ఆధ్వర్యంలో ఎం.వి. ఫౌండేషన్ 1990వ దశకంలో పనిలోంచి తప్పించిన పిల్లలకు శిబిరాలు పెట్టి, వాళ్ళను వయసుకు తగ్గ తరగతుల్లో చేర్పించింది. ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. అక్కడి సూత్రం ఒక్కటే: బడి బయటున్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే. ఆ శిబిరాలు నెలల తరబడి సాగేవి. మనవి ఏడు రోజులు. ఈ తేడా మరిచిపోతే మనల్ని మనం మోసగించుకున్నట్టే.

మరి ఏడు రోజుల్లో ఏం చేయొచ్చు? పదేళ్ళవాడికి పలక ఇచ్చి అ, ఆలు దిద్దమంటే సిగ్గుపడి పారిపోతాడు. వాడి పేరు, ఊరి పేరు, బస్సు బోర్డు - వీటితో మొదలుపెట్టాలి. లెక్కల సంగతి చెప్పక్కర్లేదు. వారం కూలి నోటితో లెక్కగట్టడంలో వాడు మన బి.కాం. వాళ్ళకు తీసిపోడు. ఆ లెక్కనే కాగితం మీద పెట్టించడం మన పని. సాయంత్రం ఆటలు, పాటలు. మధ్యాహ్నం వాళ్ళతో కలిసి ఒకే పంక్తిలో భోజనం.

ఏడో రోజు సభ, దండలు, ఫోటోలు. అసలు పరీక్ష ఎనిమిదో రోజు. పిల్లవాణ్ణి బడికి తీసుకెళ్తే "టి.సి. ఏదీ, పుట్టినతేదీ కాగితం ఏదీ" అనే ప్రశ్న వస్తుంది. 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం ప్రతి వాలంటీరుకూ కంఠతా రావాలి. నాలుగో సెక్షను ప్రకారం వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడినదానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఐదో సెక్షను ప్రకారం టి.సి. ఆలస్యమైందని ఆపరాదు. పద్నాలుగో సెక్షను ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని తిప్పి పంపరాదు. చట్టం చదివిన విద్యార్థి పక్కనుంటే తండ్రికి ధైర్యం వస్తుంది. హెడ్మాస్టరు గారికీ పని సులువవుతుంది.

చేర్చాక వదిలేయకూడదు. శిబిరం పెట్టిన ఊరు కాలేజీకి దగ్గరదై ఉండాలని నేననేది ఇందుకే. ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని, ప్రతి శనివారం వెళ్ళి హాజరుపట్టీ చూడాలి. ముఖ్యంగా పత్తి చేలల్లో పరాగసంపర్కం పనులు ముమ్మరంగా సాగే నెలల్లో చూడాలి. ఒక పేరు ఎదురుగా వరసగా మూడు రోజులు గైర్హాజరు కనిపిస్తే, ఆ సాయంత్రమే ఆ ఇంటికి వెళ్ళాలి.