ఇంట్లో డేకేర్: వాట్సాప్ చెప్పేది, చట్టం చెప్పేది

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్, డబ్లిన్, శాన్ హోసే వైపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తరచూ కనబడే ప్రశ్న ఒకటుంది: "మా పాపని చూసుకునే తెలుగు ఆంటీ ఎవరైనా ఉన్నారా? పప్పన్నం తినిపిస్తే చాలు." దాని కింద నాలుగైదు ఫోన్ నంబర్లు వచ్చిపడతాయి. ఆ ఇళ్లలో లైసెన్సు దేనికుందో, దేనికి లేదో అడిగేవాళ్లు తక్కువ. డేకేర్ పెట్టాలనుకునే ఆడవాళ్లకు సలహాలిచ్చేవాళ్లకైతే కొదవ లేదు. ఈమధ్య యూనియన్ మాట కూడా వచ్చి చేరడంతో గందరగోళం ఇంకాస్త ముదిరింది. అందుకే వినబడే మాటల్నే ఒక్కొక్కటిగా తీసుకుందాం.

అపోహ: ముగ్గురు నలుగురు పిల్లలే కదా, లైసెన్సు దేనికి?

ఇక్కడ లెక్క పిల్లలది కాదు, కుటుంబాలది. మీ పిల్లలు కాక ఒక్క కుటుంబం పిల్లల్ని మాత్రమే చూసుకుంటే లైసెన్సు అక్కర్లేదు. రెండో కుటుంబం నుంచి ఒక్క బిడ్డ వచ్చి, వాళ్లు డబ్బిచ్చారంటే రాష్ట్ర సోషల్ సర్వీసెస్ శాఖ కింద ఉండే కమ్యూనిటీ కేర్ లైసెన్సింగ్ విభాగం అనుమతి ఉండాల్సిందే. వాళ్లు మన ఊరివాళ్లే అయినా, డబ్బు చేతికే ఇచ్చినా ఇందులో మార్పేమీ లేదు.

దీనికి తోక ఒకటుంది. హెచ్-4 వీసా మీద ఉన్నవాళ్లు "క్యాష్ తీసుకుంటే ఉద్యోగం కాదు" అనుకుంటారు. అవుతుంది. ఆ వీసా మీద పని చేయాలంటే ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు, చేతిలో ఉండాలి. 2015లో వచ్చిన నిబంధన ప్రకారం అదీ అందరికీ దొరకదు. ముఖ్యంగా హెచ్-1బీ మీదున్న భర్తకో భార్యకో గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 ఆమోదం పొందినవాళ్లకే. డేకేర్ లైసెన్సు, పని అనుమతి వేర్వేరు విషయాలు. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు.

అపోహ: అద్దె ఇంట్లో పెట్టనివ్వరు, హెచ్ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఒప్పుకోదు.

2020 జనవరి నుంచి అమల్లో ఉన్న ఎస్‌బీ 234 చట్టం ఈ భయాన్ని చాలావరకు తీర్చింది. లైసెన్సున్న ఇంటి డేకేర్‌ని, అది పెద్దదైనా సరే, నివాసంగానే చూడాలి. ఊరి మున్సిపాలిటీ విడిగా జోనింగ్ పర్మిట్ అడగకూడదు, బిజినెస్ లైసెన్సు ఫీజూ వసూలు చేయకూడదు. ఇంటి ఓనరుకు మాత్రం 30 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకుండా మొదలుపెట్టి తర్వాత చట్టం చూపిస్తే గొడవ కొనితెచ్చుకున్నట్టే.

అపోహ: ఎనిమిది మందికి లైసెన్సుంటే ఏ ఎనిమిది మందైనా పరవాలేదు.

ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడే. చిన్న డేకేర్‌లో అందరూ రెండేళ్లలోపు వాళ్లే అయితే నలుగురికి మించకూడదు. కలగలుపుగా ఉంటే ఆరుగురు, అందులో రెండేళ్లలోపు వాళ్లు ముగ్గురు దాటకూడదు. ఏడుగురో ఎనిమిది మందో ఉండాలంటే పసివాళ్లు ఇద్దరికి తగ్గాలి, ఒకరు కిండర్‌గార్టెన్‌లోనో బడిలోనో చదువుతుండాలి, ఇంకొకరికి కనీసం ఆరేళ్లు ఉండాలి. అద్దె ఇల్లయితే అంతమందికి ఓనరు అంగీకారం కూడా కావాలి. పైగా పదేళ్లలోపు ఉన్న మీ సొంత పిల్లలు కూడా ఈ లెక్కలోకే వస్తారు.

ఒక మధ్యాహ్నం ఊహించుకోండి. ఇంట్లో ఆరుగురున్నారు, ముగ్గురు రెండేళ్లలోపు వాళ్లే. అంతా సక్రమం. రెండున్నరకి మీ ఏడేళ్ల అబ్బాయి బడి నుంచి వచ్చి బ్యాగు సోఫా మీద పడేశాడు. ఇప్పుడు ఇంట్లో ఏడుగురు, పసివాళ్లు మాత్రం ముగ్గురే. వాడు ఇంట్లోకి అడుగుపెట్టిన క్షణంలోనే నిబంధన తప్పింది. కాబట్టి పిల్లల్ని చేర్చుకునేటప్పుడు పొద్దుటి లెక్క చూస్తే చాలదు, బడి వదిలే వేళ లెక్క కూడా చూసుకోవాలి.

పద్నాలుగు మంది దాకా అనుమతించే పెద్ద లైసెన్సుకు సహాయకులు తప్పనిసరి. "మా ఆయన ఇంటి నుంచే పని చేస్తారు, ఆయన్ని రాసేస్తాను" అంటారు కొందరు. పై గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మీటింగులో కూర్చున్న మనిషి సహాయకుడెలా అవుతాడు? పిల్లల మధ్య ఉండి, వాళ్లని చూసే మనిషి కావాలి.

అపోహ: వేలిముద్రలు నడిపేవాళ్లవి ఇస్తే చాలు.

ఆ ఇంట్లో ఉండే 18 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరూ లైవ్ స్కాన్ అనే ఎలక్ట్రానిక్ పద్ధతిలో వేలిముద్రలివ్వాలి. రాష్ట్ర న్యాయశాఖ, ఎఫ్‌బీఐ, పిల్లలపై వేధింపుల రాష్ట్ర జాబితా, మూడుచోట్లా తనిఖీ జరుగుతుంది. కాలేజీ సెలవులకి వచ్చే కొడుకు, కింది గది అద్దెకి తీసుకున్న కుర్రాడు కూడా ఇందులోకే వస్తారు. మన ఇళ్లలో అసలు చిక్కు అత్తమామలు. విజయవాడ నుంచో కరీంనగర్ నుంచో వచ్చి ఆరు నెలలు ఉండేవాళ్లని చుట్టపుచూపు కింద లెక్కేయకండి. టికెట్లు కొన్నప్పుడే లైసెన్సింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి, ఏం చేయాలో కనుక్కోండి. పెద్దావిడ పసిబిడ్డని ఎత్తుకుని వరండాలో తిప్పుతుండగా తనిఖీకి మనిషొస్తే, "మా అత్తగారేనండీ" అనే జవాబు పనికిరాదు.

అపోహ: బిడ్డని మన పద్ధతిలో గుడ్డ చుట్టి, ఆవాల దిండు మీద పడుకోబెడితే హాయిగా నిద్రపోతాడు.

తల్లిదండ్రులే ఇవన్నీ సంచీలో పెట్టి తెచ్చిస్తారు: తల గుండ్రంగా రావడానికి ఆవాల దిండు, పల్చటి దుప్పటి, ఓ బొమ్మ. వాటిని పక్కన పెట్టమని చెప్పడం మొహమాటమే. అయినా చెప్పక తప్పదు. ఏడాదిలోపు బిడ్డని వెల్లకిలా, గట్టి పరుపున్న తొట్టిలో పడుకోబెట్టాలి. తొట్టిలో ఇంకేమీ ఉండకూడదు. దిండు వద్దు, వదులు దుప్పటి వద్దు, గుడ్డ చుట్టడం అసలే వద్దు. కారు సీటులో నిద్రపోతే తీసి తొట్టిలోకి మార్చాలి. రెండేళ్లలోపు పిల్లలు నిద్రపోతున్నంతసేపూ 15 నిమిషాలకోసారి దగ్గరికెళ్లి చూసి, చూసిన వేళ కాగితం మీద రాయాలి. మానిటర్ తెరలో చూడటం దీనికి సరిపోదు.

ఈ నిబంధనల వెనక కారణం కఠినమైనది. నిద్రలో ఊపిరాడక పోయే పసిబిడ్డలు ఏడవరు. బోర్లాపడి దిండులో మొహం కూరుకుపోయినా పక్క గదిలోకి ఏ చప్పుడూ వినబడదు. అమ్మమ్మ అందరినీ అలాగే పెంచిందంటే నిజమే. కానీ అమ్మమ్మ బిడ్డని చాపమీద తన పక్కనే పడుకోబెట్టుకుంది, ఇంకో ఐదుగురి పిల్లలకి వంట చేస్తూ కాదు.

తిండి సంగతీ ఇలాంటిదే. ఏడాదిలోపు బిడ్డకి తేనె నాకించకూడదు, బాచులిజం ప్రమాదం. నాలుగేళ్లలోపు పిల్లల ముందు పల్లీలు, పాప్‌కార్న్, కోయని ద్రాక్ష పెట్టకండి. గొంతుకి అడ్డంపడతాయి.

అపోహ: యూనియన్‌లో చేరితే ఇన్‌స్పెక్టర్ భయం ఉండదు. ఇక మనమూ గవర్నమెంటు ఉద్యోగులమే.

రెండూ తప్పే. ఈ తప్పులు ఎక్కణ్ణించి వచ్చాయో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఇంట్లో డేకేర్ నడిపేవాళ్లు సొంత వ్యాపారులు. అయితే తక్కువ ఆదాయమున్న కుటుంబాల పిల్లల్ని చూసుకున్నప్పుడు ఫీజు రాష్ట్ర సబ్సిడీ నుంచి వస్తుంది. ఆ రేటు నిర్ణయించేది ప్రభుత్వం. ఎవరింట్లో వాళ్లు ఉండి ఆ రేటు గురించి సాక్రమెంటోలోని రాష్ట్ర ప్రభుత్వంతో బేరమాడటం అసాధ్యం. బేరమాడే హక్కు కోసం ఎన్నో ఏళ్లు పోరాడారు. గవర్నర్లు ష్వార్జ్‌నెగర్, బ్రౌన్ ఇద్దరూ అలాంటి బిల్లుల్ని వీటో చేశారు. చివరికి 2019 సెప్టెంబర్ 30న గవర్నర్ న్యూసమ్ ఆ హక్కునిచ్చే ఏబీ 378 బిల్లు మీద సంతకం పెట్టారు. 2020 జూలైలో ఓట్లు లెక్కిస్తే 97 శాతం యూనియన్‌కే పడ్డాయి. అదే చైల్డ్ కేర్ ప్రొవైడర్స్ యునైటెడ్, సీసీపీయూ. ఎస్ఈఐయూ శాఖలు, యూడీడబ్ల్యూ అనే కార్మిక సంఘాలు కలిసి నడుపుతున్న సంఘం. 2021లో తొలి ఒప్పందం, 2023లో రెండోది. రెండోదాంట్లో రేట్లు పెరగడంతో పాటు రిటైర్మెంట్ నిధికి 8 కోట్ల డాలర్లు, ఆరోగ్య నిధికి 10 కోట్ల డాలర్లు సాధించారు. జీవితమంతా ఊళ్లో పిల్లల్ని పెంచి, చివర్లో చేతిలో ఏమీ మిగలని ఆడవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

ఇంత సాధించినా సంఘం చేయలేనివి ఉన్నాయి. మిమ్మల్ని రాష్ట్ర ఉద్యోగుల్ని చేయలేదు. మిమ్మల్ని ఎంచుకునే హక్కు, మానుకునే హక్కు తల్లిదండ్రులదే. ఇన్‌స్పెక్టర్ చెప్పకుండా వచ్చే అధికారం అలాగే ఉంది. ఒప్పందం వర్తించేది సబ్సిడీ పిల్లల్ని చూసుకునే ప్రొవైడర్లకు. అందరూ సొంత డబ్బు కట్టే ఐటీ కుటుంబాల పిల్లలే అయితే ఆ బేరసారాల్లో మీరు లేరు. ఇంకో అనుమానం కూడా ఉంటుంది: "బలవంతంగా చందా కోస్తారట." కోయరు. చేరాలా వద్దా అన్నది మీ ఇష్టం. 2014లో హారిస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇలాగే ఇళ్లలో సంరక్షణ పని చేసేవాళ్ల విషయంలో ఆ సంగతి తేల్చేసింది.

మన తెలుగు ప్రొవైడర్లు సబ్సిడీ పిల్లలంటే జంకుతారు, కాగితాలు ఎక్కువని. ఎక్కువే. హాజరు పట్టిక మీద తల్లిదండ్రుల సంతకం ఒకరోజు మరిచినా చెల్లింపు ఆలస్యం కావచ్చు. కానీ ఐటీలో లేఆఫ్‌లు వచ్చిన నెలలో ఒకేసారి ముగ్గురు పిల్లలు మానేస్తే తట్టుకోవడానికి ఆ ఆదాయం పనికొస్తుంది.

అపోహ: తనిఖీలో తప్పు రాశారంటే డేకేర్ మూసుకోవాల్సిందే. దెబ్బ తగిలితే బయటికి పొక్కనివ్వకూడదు.

తప్పుల్లో రకాలున్నాయి. పిల్లలకి తక్షణ ప్రమాదం ఉన్నవి టైప్ ఏ, మిగతావి ఎక్కువగా టైప్ బీ. టైప్ ఏ అయితే ఆ రిపోర్టు 30 రోజులు గోడకి అతికించాలి, తల్లిదండ్రులకి ప్రతి ఇవ్వాలి. సిగ్గుగా ఉంటుంది, నిజమే. అయినా రాసింది సరికాదనిపిస్తే అప్పీలు చేసుకోవచ్చు. దానికి గడువు 15 పనిదినాలు. వైద్యం అవసరమైనంత దెబ్బ తగిలితే మాత్రం ముందు డాక్టరు, ఆ వెంటనే తల్లిదండ్రులు, ఆపైన మర్నాటి పనివేళలు ముగిసేలోగా లైసెన్సింగ్ ఆఫీసుకి ఫోను, ఏడు రోజుల్లో రాతపూర్వక నివేదిక. దాచిపెట్టిన చిన్న గాయం తర్వాత బయటపడితే, గాయం కన్నా దాచినందుకే ఎక్కువ జవాబు చెప్పుకోవాలి.

అప్పీలు రాసేముందు యూనియన్‌లోని పాత ప్రొవైడర్లని సంప్రదించడం మంచిది. వాళ్లు ముందు అడిగేది ఇన్‌స్పెక్టర్ ఎలా మాట్లాడారన్నది కాదు. ఆ రోజు హాజరు పట్టిక, నిద్ర చూసిన కాగితం, ఆరు నెలలకోసారి చేయాల్సిన ఫైర్ డ్రిల్ తేదీలు ఫైల్లో ఉన్నాయా అని అడుగుతారు.