కర్ణికల లయదోషం గల రోగులలో హృదయ శస్త్రచికిత్స అనంతర పక్షవాతం: ఎడమ కర్ణికా సంచి మూసివేత

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయదోషంలో హృదయపు పై గదులైన కర్ణికలు క్రమబద్ధంగా సంకోచించక వణుకుతుంటాయి. అక్కడ మందగించిన రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం సంభవిస్తుంది. ఎడమ కర్ణిక పక్కన వేలి ఆకారంలో ఉండే చిన్న సంచి ఈ గడ్డలకు ప్రధాన స్థావరం. కీళ్లవాత కవాటవ్యాధి లేనివారిలో దాదాపు పదింట తొమ్మిది గడ్డలు ఇక్కడే కనిపించాయి. ఆ వ్యాధి ఉన్నవారిలో మాత్రం ఈ వాటా సగానికి కొంచెమే ఎక్కువ. కీళ్లవాత జ్వరపు శేషం ఇంకా కనిపించే మన ప్రాంతాలలో ఈ భేదాన్ని విస్మరించరాదు.

బైపాస్‌కో, కవాట చికిత్సకో ఛాతీ తెరిచినప్పుడే ఆ సంచినీ తొలగించవచ్చన్న ఆలోచన కొత్తది కాదు. 1949లోనే అటువంటి శస్త్రచికిత్స నివేదిక వెలువడింది. బలమైన ఆధారం లభించింది మాత్రం 2021లో. కెనడాకు చెందిన రిచర్డ్ విట్‌లాక్ నాయకత్వంలో 27 దేశాలలో జరిగిన ఎల్.ఏ.ఏ.ఓ.ఎస్.-3 పరీక్షలో 4,770 మంది ఫలితాలను విశ్లేషించారు. సగటున 3.8 సంవత్సరాల పరిశీలనలో పక్షవాతం గాని, ఇతర ధమనులలో గడ్డ అడ్డుపడటం గాని సంచి మూసినవారిలో 4.8 శాతం మందికి, మూయనివారిలో 7.0 శాతం మందికి సంభవించింది. అంటే సుమారు 45 మందికి మూస్తే ఒకరికి ఆ ఆపద తప్పినట్లు. మరణాలలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మొదటి 30 రోజులలోనూ ప్రయోజనం స్పష్టం కాలేదు. ఇది సహజమే: బృహద్ధమనిని బిగించి వదలడం వంటి శస్త్రచికిత్సా కారణాలతో వచ్చే తొలినాటి పక్షవాతాన్ని సంచి మూత ఆపలేదు.

ఇక అసలు చిక్కు. సంచి మూసేశారు కనుక రక్తం గడ్డకట్టకుండా వాడే మాత్రలు అనవసరమని రోగి భావించే అవకాశం ఉంది. పరీక్ష ఆ మాట చెప్పలేదు. మూడేళ్ల తరువాత కూడా అందులో నాలుగింట మూడు వంతుల మంది ఆ మందులు వాడుతూనే ఉన్నారు. కనిపించిన మేలు మందులకు అదనంగా వచ్చినదే గాని, వాటికి బదులుగా వచ్చినది కాదు. లోహపు కవాటం అమర్చినవారైతే సంచి సంగతి ఎలా ఉన్నా వార్ఫరిన్ మానరాదు. (ఆకుకూరలు మానడం కన్నా రోజూ ఒకే మోతాదులో తినడం మేలు.)

మూత అసంపూర్ణమైతే మిగిలిన మొదలులోనే గడ్డ చేరవచ్చు. కనుక సంచిని కోశారా, కుట్టారా, క్లిప్ వేశారా, అన్నవాహిక ద్వారా చేసే ఎకో పరీక్షలో మూత పూర్తిగా ఉందా అన్నది డిశ్చార్జి పత్రంలో నమోదై ఉండాలి. తరువాత మందులను నిర్ణయించే వైద్యుడు శస్త్రచికిత్స చేసినవాడే కాకపోవచ్చు.