లినక్స్‌కు సరిపడే సౌండ్ కార్డును ఎంచుకోవడం

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• లినక్స్‌లో సౌండ్ కార్డు ఎలా పనిచేస్తుందో వివరించగలుగుతారు.
• కార్డు పేరుకూ, అందులోని చిప్‌కూ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
• కార్డును కొనే ముందే పరీక్షించగలుగుతారు.

1. పరిచయం

కంప్యూటర్‌లో శబ్దం వినోదానికి సంబంధించిన విషయమని చాలామంది అనుకుంటారు. చూపు లేని విద్యార్థి విషయం వేరు. లినక్స్‌లో ఓర్కా అనే ప్రోగ్రాం తెరమీది అక్షరాలను గ్రహిస్తుంది. ఈస్పీక్ ఎన్‌జీ వంటి మరో ప్రోగ్రాం వాటిని చదివి వినిపిస్తుంది. ఇది తెలుగు కూడా చదవగలదు. ఈ రెండూ ఉచితంగా దొరుకుతాయి. కాని సౌండ్ కార్డు పలకకపోతే ఆ విద్యార్థికి కంప్యూటర్ మూతపడినట్లే. కాబట్టి కార్డు ఎంపికను చిన్న విషయంగా చూడకూడదు.

2. డ్రైవర్ ఎక్కడ ఉంటుంది?

విండోస్‌లో తయారీదారు ఇచ్చిన డ్రైవర్‌ను విడిగా ఎక్కించుకోవడం మనకు అలవాటు. లినక్స్‌లో చాలా డ్రైవర్లు కెర్నల్‌లో భాగంగానే వస్తాయి. వీటిలో ధ్వనికి సంబంధించిన వ్యవస్థ పేరు ఆల్సా. యారోస్లావ్ కిసెలా 1998లో ప్రారంభించిన ఈ ప్రాజెక్టు, 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నల్‌లో ప్రధాన ధ్వని వ్యవస్థ అయింది. దానిపైన పల్స్ ఆడియో లేదా పైప్‌వైర్ అనే పొర ఉండి, అనేక ప్రోగ్రాముల శబ్దాలను కలిపి పంపుతుంది. అయితే కింద తగిన డ్రైవర్ లేకపోతే పై పొర చేయగలిగిందేమీ లేదు.

3. పేరు కాదు, చిప్ ముఖ్యం

డ్రైవర్ గుర్తించేది పెట్టె మీది పేరును కాదు, లోపలి చిప్‌ను. సౌండ్ బ్లాస్టర్ లైవ్ అనే కార్డు 1998లో ఈఎంయూ10కే1 చిప్‌తో వచ్చింది. తరవాత అదే పేరుకు ‘24-బిట్’ అని చేర్చి అమ్మిన కార్డులో ఉన్నది సీఏ0106 అనే వేరే చిప్. ఆల్సాలో ఈ రెండింటికీ వేర్వేరు డ్రైవర్లు కావాలి.

కొత్తదనమూ ఒక్కోసారి ఇబ్బందే. అదే శ్రేణిలోని ఎక్స్-ఫై కార్డులు 2005లో బజారుకు వచ్చాయి. తయారీదారు 2008లో డ్రైవర్ సోర్సు కోడ్‌ను విడుదల చేసిన తరవాత, 2009లో 2.6.31 కెర్నల్‌లో వాటికి డ్రైవర్ చేరింది. అందువల్ల నిన్నమొన్న వచ్చిన మోడల్ కన్నా, కొంతకాలంగా వాడుకలో ఉన్న మోడల్ మేలు.

4. యూఎస్‌బీ ఆడియో క్లాస్

బల్బు ఏ కంపెనీదైనా హోల్డరులో సరిపోతే వెలుగుతుంది. యూఎస్‌బీ ఆడియో క్లాస్ అటువంటి ఉమ్మడి ప్రమాణం. దీని మొదటి రూపం 1998లోను, రెండవది 2006లోను వచ్చాయి. ఈ ప్రమాణాన్ని పాటించే పరికరాలన్నింటికీ కెర్నల్‌లోని ఒకే డ్రైవర్ సరిపోతుంది. కొత్తగా కొనేవారికి ఇదే సురక్షితమైన మార్గం. అయితే కంపెనీ విడిగా ఇచ్చే ప్రత్యేక సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో లేకపోవచ్చు.

పాఠాలు వినడానికి, గొంతు రికార్డు చేయడానికి 16 బిట్లు, సెకనుకు 48,000 నమూనాలు చాలు. సీడీలో ఉండేది 16 బిట్లు, 44,100 నమూనాలే. 1,92,000 అనే అంకె చూసి ఎక్కువ డబ్బు పెట్టవలసిన పని లేదు.

5. కొనే ముందు చేయవలసినవి

అ) ముందు ఉన్న కార్డునే చూడండి. ఆల్సామిక్సర్ తెరిచినప్పుడు గీత కింద ‘ఎం ఎం’ అని కనిపిస్తే ఆ శబ్దం ఆపి ఉందని అర్థం. ‘ఎం’ మీట నొక్కితే తెరుచుకుంటుంది.

ఆ) పరికరం గుర్తింపు సంఖ్య తెలుసుకోండి. ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే ఆదేశం నాలుగేసి అక్షరాంకెల రెండు భాగాలను చూపుతుంది: మొదటిది తయారీదారుది, రెండవది పరికరానిది. పేరుతో కాక ఈ సంఖ్యతో వెతకండి.

ఇ) లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను నడిపి, కార్డును తగిలించి చూడండి. ఏప్లే ఆదేశానికి హైఫన్, చిన్న ‘ఎల్’ చేర్చితే వినిపించే పరికరాలు, ఏరికార్డ్‌కు చేర్చితే రికార్డు చేసే పరికరాలు కనిపిస్తాయి. జాబితాలో ఉంటే చాలదు. ఒక వాక్యం చదివి, రికార్డు చేసి, తిరిగి వినండి.

ఈ) జాక్‌ను గమనించండి. పాఠాలు రికార్డు చేద్దామని నేను ఒక యూఎస్‌బీ కార్డు కొన్నాను. మాట వినిపించేది, మైకు మాత్రం పలికేది కాదు. రెండు రోజులు డ్రైవర్‌నే అనుమానించాను. చివరికి తేలిందేమిటంటే, నా హెడ్‌సెట్‌ది ఫోన్లకు వాడే, నాలుగు భాగాల ఒకే పిన్ను. కార్డులో మైకుకూ, వినడానికీ వేర్వేరు రంధ్రాలు. తప్పు లినక్స్‌దీ కాదు, కార్డుదీ కాదు. పిన్నును రెండుగా విడగొట్టే చిన్న తీగతో సమస్య తీరింది.

సారాంశం

లినక్స్‌లో కార్డు పనిచేయడం దాని ధర మీద కాక, చిప్‌కు కెర్నల్‌లో డ్రైవర్ ఉండటం మీద ఆధారపడుతుంది. ముందు ఉన్నదాన్ని సరిచూడాలి, తరవాత గుర్తింపు సంఖ్యతో వెతకాలి, పరీక్షించిన తరవాతే డబ్బు చెల్లించాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఒకే పేరున్న రెండు కార్డులకు వేర్వేరు డ్రైవర్లు ఎందుకు అవసరం కావచ్చు?
2. యూఎస్‌బీ ఆడియో క్లాస్ వల్ల కొనేవారికి కలిగే లాభం, దాని పరిమితి ఏమిటి?
3. మీ కంప్యూటర్‌లోని సౌండ్ కార్డు గుర్తింపు సంఖ్యను కనుక్కొని రాయండి.