చూపు పోయేది ఒకరికి, కూలి పోయేది ఇద్దరికి

వడోద్ (సూరత్): ఇంట్లో ఒకరు చూపు కోల్పోతే ఆగిపోయేది ఒక్కరి సంపాదన కాదు. ఆసుపత్రికి, కార్యాలయాలకు చేయి పట్టి తీసుకువెళ్ళేందుకు మరొకరు కూడా పని మానుకోవలసి వస్తుంది. పాండేసరా సమీపంలోని వడోద్ వంటి కార్మిక వాడలలో ఈ భారం మరింత ఎక్కువ. సూరత్ మరమగ్గాలపై పన్నెండు గంటల షిఫ్టు సర్వసాధారణం. పనికి రాని రోజు కూలి ఉండదు. తెలంగాణ జిల్లాల నుంచి దశాబ్దాల క్రితమే ఈ నగరానికి వలస వెళ్ళిన పద్మశాలీలలో ఎందరికో ఆ మగ్గాలే జీవనాధారం.

ఇటువంటి కుటుంబాలకు అందే సహాయం నివసించే రాష్ట్రాన్ని బట్టి మారుతున్నది. గుజరాత్ ప్రభుత్వం సంత్ సూర్‌దాస్ పథకం కింద తీవ్ర వైకల్యం గల పేదలకు నెలకు రూ.1,000 చెల్లిస్తున్నది. కాగా వికలాంగుల పింఛను తెలంగాణలో 2023లో రూ.4,016కు, ఆంధ్రప్రదేశ్‌లో 2024లో రూ.6,000కు పెరిగింది. 80 శాతం వైకల్యం గల నిరుపేదలకు జాతీయ పింఛను పథకం కింద కేంద్రం ఇచ్చేది రూ.300 మాత్రమే. వికలాంగులకిచ్చే విశిష్ట గుర్తింపు కార్డు దేశమంతటా చెల్లుతుంది. పింఛను మాత్రం రాష్ట్ర సరిహద్దు దాటదు.

ఇవన్నీ చూపు లేని వ్యక్తికి ఉద్దేశించినవి. పక్కన ఉండి చూసుకునేవారి మాటేమిటి? అధిక ఆసరా అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం ఇవ్వాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 24వ సెక్షన్ పేర్కొంటున్నది. అయితే పథకాలను ప్రభుత్వాలు తమ 'ఆర్థిక స్థోమత పరిధిలో' రూపొందించాలన్న మాట కూడా అదే సెక్షన్‌లో ఉన్నది. ఆ మాట చాటున చాలా ప్రభుత్వాలు తప్పుకోగలవు. వికలాంగులను పోషించేవారికి ఆదాయపు పన్నులో మినహాయింపు ఉన్నా, పన్ను కట్టేటంత ఆదాయమే లేని మగ్గం కార్మికునికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

అన్ని కేసులలోనూ చూపు శాశ్వతంగా పోదు. 2015-19 జాతీయ సర్వే ప్రకారం యాభై ఏళ్ళు పైబడినవారి అంధత్వంలో దాదాపు మూడింట రెండు వంతులకు కారణం శుక్లాలే. ఇవి శస్త్రచికిత్సతో నయమవుతాయి.

నయం కానివారి కుటుంబాలకు నిజంగా ఊరటనిచ్చేది శిక్షణ. తెల్లకర్రతో నడవడం, వంట చేసుకోవడం, నోట్లను తాకి గుర్తుపట్టడం నేర్చుకుంటే ఇంట్లో రెండవవారు తిరిగి పనికి వెళ్ళగలుగుతారు. డెహ్రాడూన్‌లోని జాతీయ దృష్టి వికలాంగుల సంస్థ, హైదరాబాద్‌లో 1987లో ప్రారంభమైన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పునరావాస సేవలు అందిస్తున్నాయి. అటువంటి చోటికి వెళ్ళడానికి అంధునితోపాటు తోడు వచ్చేవారికీ సెకండ్ క్లాసు, స్లీపర్ రైలు ఛార్జీలో 75 శాతం రాయితీ ఉన్నది. ఆ రోజులలో పోయే కూలికి మాత్రం ఏ పద్దులోనూ చోటు లేదు.